కొబ్బరి మట్టలు కింది నుంచి మాడిపోతుంటే: మందు పెట్టే ముందు ఆకు తిరగేసి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో మీకు ఎకరంన్నర కొబ్బరి తోట ఉంది, గట్ల మీద జీడిమామిడి చెట్లున్నాయి. సంక్రాంతి దాటినప్పటి నుంచి కొబ్బరికి కింది మట్టలు నిప్పు సెగ తగిలినట్టు మాడుతున్నాయి. ఇప్పుడు మధ్య వరస మట్టలకూ వచ్చింది. మందుల షాపులో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు వేరుకు పెట్టమన్నారు. పక్క రైతు పవర్ స్ప్రేయర్ తెప్పించి పైకి కొట్టిద్దాం అంటున్నాడు. జీడి చిగుళ్లు కూడా పాడవుతున్నాయి కాబట్టి అదే పురుగు అటు పాకిందేమో అని మీకు అనుమానం.

రెండూ ఇప్పుడే చేయకండి. మీరు చెప్పిన లక్షణాలు నల్లముట్టె పురుగువే అయ్యే అవకాశం ఎక్కువ. కొన్నిచోట్ల దీన్నే నల్లతల గొంగళి పురుగు అంటారు. దీన్ని అదుపు చేసే పని మందుకన్నా బాగా చేసే చిన్న కందిరీగ జాతి మిత్ర పురుగులు ఉన్నాయి. వాటిని సరైన సమయానికి వదలడమే ఈ తెగులుకు అసలు వైద్యం. తొందరపడి మందు కొడితే ముందు చచ్చేది అవే.

అయితే మొదట నిర్ధారణ కావాలి. దింపు మనిషిని ఎక్కించి, సగం ఎండిన మట్ట ఒకటి, దానిపైన ఇంకా పచ్చగా ఉన్న మట్ట ఒకటి కోయించండి. పూర్తిగా ఎండిపోయిన మట్ట పనికిరాదు, పురుగు దాన్ని వదిలేసి పైకి వెళ్లిపోయి ఉంటుంది. మట్టలోని ఆకులను తిరగేసి అడుగు భాగం చూడండి. నల్లముట్టె పురుగు అయితే ఈనె పక్కన పొడవుగా, పట్టుదారం, దాని రెట్ట కలిపి కట్టుకున్న సొరంగం లాంటి గూళ్లు కనిపిస్తాయి. గుండుసూదితో ఆ గూడు విప్పితే లోపల లేతాకుపచ్చ ఒంటి మీద గోధుమరంగు చారలతో, ముదురు రంగు తలతో గొంగళి పురుగు ఉంటుంది. తాకితే చురుగ్గా వెనక్కి జరుగుతుంది. అది ఆకును కొరికి ముక్కలు చేయదు. అడుగున పచ్చదనాన్ని గీకి తిని పై పొరను వదిలేస్తుంది. అందుకే ఆకు చిరగకుండానే ఎండి మాడినట్టు కనిపిస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఆకు అడుగున తెల్లటి మైనపు పూత చుట్లు చుట్లుగా ఉండి, కింది ఆకుల పైభాగం మసి పూసినట్టు నల్లగా ఉంటే అది పురుగు కాదు, సర్పిలాకార తెల్లదోమ. 2016లో తమిళనాడులో కనబడ్డాక మన కోస్తా అంతా పాకింది కాబట్టి ఇప్పుడు చాలా తోటల్లో కొంతైనా ఉంటుంది. దాని వైద్యం వేరు. ఆకు అడుగు శుభ్రంగా ఉండి, ముదురు మట్టల కొనలు పసుపు నారింజ రంగుకు తిరిగి ఎండుతుంటే పొటాష్ లోపం కావచ్చు. ఉద్దానం ఇసుక నేలల్లో అది మామూలే. గూడు, రెట్ట, పురుగు కనబడితేనే ఈ కింద చెప్పేదంతా వర్తిస్తుంది.

ఇప్పుడు దాని జీవితం గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీరు ఏ రోజు ఏం చేయాలన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది. బూడిద రంగు చిన్న రెక్కల పురుగు రాత్రిపూట తిరిగి ముదురు ఆకుల అడుగున, పాత గూళ్ల దగ్గర గుడ్లు పెడుతుంది. ఒక ఆడపురుగు వంద పైచిలుకు గుడ్లు పెట్టగలదు. దాదాపు ఐదు రోజులకు గుడ్లు పగులుతాయి. గొంగళి దశ సుమారు 40 రోజులు. మనకు నష్టమంతా ఈ దశలోనే. ఆ తర్వాత గూటిలోనే కోశస్థ దశలోకి (తినకుండా, కదలకుండా కోశంలా ఉండే దశ) వెళ్లి, పన్నెండు రోజులు అటూ ఇటూగా రెక్కల పురుగై బయటికొస్తుంది. మొత్తం రెండు నెలలు. జనవరి నుంచి మే వరకు వాతావరణం దీనికి బాగా కలిసొస్తుంది. వానలు బలంగా పడ్డాక తగ్గుతుంది.

ఈ పురుగుకు ఒక విచిత్రమైన గుణం ఉంది. ఉధృతంగా ఉన్న తోటలో అన్నీ ఒకే వయసులో నడుస్తాయి. ఈ వారం కోసిన ఆకులో అన్నీ గొంగళ్లే ఉంటే, కొన్ని వారాలు పోయాక కోసిన ఆకులో దాదాపు అన్నీ కోశాలే ఉంటాయి. మధ్యలో వారం పది రోజులు గూళ్లు ఖాళీగా కూడా కనిపిస్తాయి. అప్పుడే రైతులు "మందు బాగా పనిచేసింది, పురుగు పోయింది" అనుకుంటారు. మళ్లీ నెల తిరిగేసరికి రెట్టింపు వస్తుంది. మందు కొట్టినా కొట్టకపోయినా ఆ ఖాళీ వచ్చేదే. కాబట్టి మీ తోటలో ఇప్పుడు ఏ దశ నడుస్తోందో తెలియకుండా ఏం చేసినా డబ్బు దండగ. నాలుగైదు చెట్ల నుంచి ఆకులు తెప్పించి గూళ్లు విప్పి, ఎన్ని చిన్న గొంగళ్లు, ఎన్ని పెద్దవి, ఎన్ని కోశాలు అని ఒక కాగితం మీద రాసుకోండి. వారానికోసారి ఇలా చూస్తే రెండో వారానికే మీకు లెక్క తెలిసిపోతుంది.

అలా విప్పుతున్నప్పుడే ఇంకొకటి గమనించండి. కదలకుండా పడి ఉన్న గొంగళి పురుగు ఒంటికి చిన్న చిన్న తెల్లటి పిల్ల పురుగులు అతుక్కుని ఉన్నాయా? పక్కన గోధుమరంగు చిన్న పట్టుగూళ్లు గుంపుగా ఉన్నాయా? ఉంటే మీ తోటలో మిత్ర పురుగులు ఇప్పటికే పని మొదలుపెట్టాయన్నమాట. అలాంటి ఆకులను కాల్చకండి, చెట్టు మొదట్లో నీడన వదిలేయండి.

ఆ మిత్ర పురుగుల్లో ముఖ్యమైనవి రెండు: గోనియోజస్, బ్రాకాన్. గోనియోజస్ నల్లగా, సన్నగా, రెక్కలున్న చీమలా ఉంటుంది. ఇది గూటిలోకి దూరి గొంగళి పురుగును కుట్టి కదలకుండా చేసి దాని ఒంటి మీదే గుడ్లు పెడుతుంది. అంతటితో వెళ్లిపోదు. పిల్లలు పెరిగేదాకా అక్కడే కాపలా ఉంటుంది. ఇలాంటి తల్లి ప్రేమ మిత్ర పురుగుల్లో అరుదు. నాకు దీనిమీద ఉన్న గౌరవమంతా అక్కడి నుంచే వచ్చింది. రెండు వారాల్లోపే కొత్త తరం సిద్ధమవుతుంది. అంటే గొంగళి పురుగు ఒక తరం పూర్తిచేసేలోపు గోనియోజస్ మూడు నాలుగు తరాలు పెరుగుతుంది. మందుకు లేని బలం ఇదే. మందు ఒకసారి పనిచేసి ఆగిపోతుంది, ఇది పెరుగుతూ పోతుంది. బ్రాకాన్ ఇంకాస్త చిన్నది. ఇది తాను గుడ్లు పెట్టేవాటికన్నా చాలా ఎక్కువ పురుగులను కుట్టి పడేస్తుంది. కుట్టిన పురుగు మళ్లీ ఆకు ముట్టదు.

చెట్టుకు గోనియోజస్ అయితే 20, బ్రాకాన్ అయితే 30 చొప్పున వదలాలి. గొంగళ్లు మూడో దశ (కుబుసం విడుస్తూ పెరిగే దశల్లో మూడోది) దాటి కాస్త ఎదిగాక వదిలితేనే ఫలితం. మరీ చిన్న పిల్లలుగా ఉన్నప్పుడు వదిలితే వాటికి ఆహారం చాలదు. అన్నీ కోశాల్లోకి వెళ్లాక వదిలితే కుట్టడానికి గొంగళ్లే ఉండవు. కోశాలను పట్టే జాతులు వేరే ఉన్నాయి గానీ అన్ని ల్యాబుల్లో దొరకవు. మీ కాగితంలో సగానికి పైగా మధ్యరకం, పెద్ద గొంగళ్లే ఉన్న వారమే మీ వారం. ఆ తర్వాత రెండు మూడు వారాలకు మళ్లీ ఆకులు చూసి, పచ్చగా కదిలే పురుగులు ఇంకా బాగా ఉంటే మరోసారి వదలండి. ఒక్కసారి వదిలి ఊరుకుంటే చాలదు, ముఖ్యంగా మొదటి ఏడాది.

వదిలే పద్ధతిలో చాలా తోటల్లో తప్పు జరుగుతోంది. దింపు మనిషికి మిత్ర పురుగులున్న ట్యూబులు ఇచ్చి మొవ్వు దగ్గర మూత తీయమంటారు. అక్కడ సాలీళ్లు, వేటాడే నల్లులు కాచుకుని ఉంటాయి. సగం అక్కడే అయిపోతాయి. చెట్ల కింద, మాను దగ్గర వదిలితే అవే వాసన పట్టుకుని పైకి వెళ్తాయి. ఎండ ఎక్కకముందు ఉదయం, లేదా సాయంత్రం చల్లబడ్డాక వదలండి. వాన పడేలా ఉన్న రోజు, గాలి బాగా వీచే రోజు వద్దు. ల్యాబ్ నుంచి తెచ్చేటప్పుడు బండి డిక్కీలో పెట్టకండి, ఎండకు లోపలే చచ్చిపోతాయి. తడిగుడ్డ చుట్టిన డబ్బాలో, గాలి ఆడేలా తేవాలి. రెక్కలు వచ్చాక మూడు నాలుగు రోజులు తేనె మేపి, జతకట్టిన తర్వాత ఇస్తే బాగా పనిచేస్తాయి. ఇది ల్యాబ్ వాళ్లకు తెలిసిన విషయమే గానీ, తీసుకునేటప్పుడు "ఎన్ని రోజులవి? తేనె మేపారా?" అని అడగడంలో తప్పులేదు.

ఎక్కడ దొరుకుతాయంటే, మన రాష్ట్రంలో కొబ్బరి మిత్ర పురుగులకు పెద్ద దిక్కు అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం. డాక్టర్ వైయస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం కింద నడుస్తుంది, కోనసీమలో ఉంది. మీకు దూరమే. అందుకని నేరుగా వెళ్లేముందు మీ ఊరి రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకుణ్ణి, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగండి. పదిమంది రైతులు కలిసి అడిగితే ముందుగా ఆర్డర్ పెట్టి తెప్పించడం తేలిక. ల్యాబులో పెంచడానికి సమయం పడుతుంది. ఈ రోజు అడిగితే రేపు ఇచ్చేవి కావు ఇవి.

ఇక మట్టలు కొట్టడం గురించి. బాగా సోకిన కింది మట్టలు రెండు మూడు కొట్టి తగలబెట్టడం మంచిదే, పురుగు సంఖ్య ఒక్కసారిగా పడుతుంది. కానీ "మాడిన మట్టలన్నీ కొట్టేయండి" అనే సలహా వినకండి. సగం పచ్చగా ఉన్న మట్ట కూడా చెట్టుకు తిండి పెడుతోంది. ప్రతి మట్ట పంగలో ఒక గెల ఉంటుంది. మట్ట కొడితే ఆ గెలకు ఆధారం పోయి వంగిపోతుంది, పిందె రాలుతుంది. కొట్టిన మట్టలను దడి కట్టడానికీ పందిరికీ తీసుకుపోవడం మన ఊళ్లలో అలవాటు. ఈ తెగులున్న మట్టను అలా వాడితే గూళ్లలోని కోశాలు రెక్కల పురుగులై పక్క తోటలోకి చేరతాయి. అదే రోజు కాల్చేయండి.

మోనోక్రోటోఫాస్ సంగతి. ఒకప్పుడు ఈ పురుగుకు వేరు ద్వారా అదే పెట్టమని సిఫారసు ఉండేది, అబద్ధం కాదు. 10 మిల్లీలీటర్ల మందు, 10 మిల్లీలీటర్ల నీళ్లు, 45 రోజులు కాయ దింపకూడదు అనేది నియమం. ఆ 45 రోజులు ఎంతమంది ఆగుతారు? ఎండాకాలంలో బొండాల బేరం వస్తే ఆగడం కష్టం. వేరు పీల్చిన మందు చెట్టంతా తిరుగుతుంది, కాయకూ చేరుతుంది. ఆ నీళ్లు ఎవరి పిల్లలు తాగుతారో మనకు తెలియదు. 2023లో కేంద్ర ప్రభుత్వం మోనోక్రోటోఫాస్ 36 శాతం మందును ఆపేసేలా ఉత్తర్వు కూడా ఇచ్చింది. షాపులో పాత సీసా ఉందని తెచ్చి పెట్టకండి. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

పవర్ స్ప్రేయర్ ఇంకో రకం ఇబ్బంది. పురుగు ఆకు అడుగున, గూటి లోపల ఉంది. కింద నిలబడి పైకి కొట్టిన మందు గూట్లోకి పోదు. బయట తిరిగే మిత్ర పురుగులకూ సాలీళ్లకూ మాత్రం బాగా తగులుతుంది. నర్సరీ మొక్కలకూ చేతికందే చిన్న చెట్లకూ ఆకు అడుగు తడిసేలా కొట్టగలరేమో గానీ ఎదిగిన చెట్లకు అది కుదిరే పని కాదు.

ఉధృతి మరీ ఎక్కువగా ఉండి, మిత్ర పురుగులు వచ్చేదాకా ఆగలేని చెట్లకు వేప మందు వేరు ద్వారా పెట్టవచ్చు. అజాడిరాక్టిన్ 10,000 పీపీఎం మందు 10 మిల్లీలీటర్లు, అంతే నీళ్లు కలిపి చిన్న పాలిథీన్ కవర్లో పోయాలి. మాను నుంచి రెండు మూడు అడుగుల దూరంలో మట్టి తవ్వి పెన్సిల్ లావు ఉన్న లేత, బతికున్న వేరు ఎంచుకోండి. పదునైన కత్తితో ఏటవాలుగా కోసి, కోసిన కొన కవర్ అడుగుదాకా మునిగేలా పెట్టి దారంతో కట్టి, మట్టి కప్పండి. మర్నాడు తప్పకుండా విప్పి చూడాలి. మందు అలాగే ఉంటే ఆ వేరు పీల్చడం లేదు, ఇంకో వేరు వెతకాలి. ముదిరి గట్టిపడిన వేరు పీల్చదు.  పెట్టే ముందు ముదిరిన కాయలు దింపేయండి. తర్వాత 45 రోజుల వ్యవధి దీనికీ పాటించడం క్షేమం.

ఇదంతా మీరొక్కరే చేస్తే సగం ఫలితమే. మీ ఎకరంన్నర చుట్టూ ఉన్న తోటల్లో పురుగు అలాగే ఉంటే వచ్చే తరం అక్కడి నుంచి వస్తుంది. తాటిచెట్లను కూడా చూడండి, ఈ పురుగు తాటి మీద కూడా బతుకుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత మీ వైపు యజమానులు వలస వెళ్లి, ఎవరూ చూడని తోటలు చాలా ఉన్నాయి. అక్కడ కూడా చెట్లకు మిత్ర పురుగులు వదిలితేనే ఊరంతటికీ లాభం. ఊళ్లో ఒక రోజు అనుకుని అందరూ కలిసి ఆకులు కోసి చూసుకోవడం, ఒకేసారి పురుగులు తెప్పించుకోవడం చేస్తే ఖర్చు కూడా తగ్గుతుంది. పక్క రైతును స్ప్రే నుంచి ఆపడానికి కూడా ఇదే దారి. వాదించకండి, మీ ఆకులో కుట్టుపడి కదలని గొంగళిని చూపించండి.

పురుగు తగ్గాక ఏం ఆశించాలో కూడా చెప్పాలి, లేకపోతే నిరాశ పడతారు. మాడిన మట్ట మళ్లీ పచ్చబడదు. కొబ్బరి ఏడాదికి సుమారు పన్నెండు కొత్త మట్టలు వేస్తుంది. తలలో ముప్పై పైచిలుకు ఉంటాయి. అంటే చెట్టు మొత్తం కొత్త ఆకుతో నిండడానికి రెండున్నర మూడేళ్లు పడుతుంది. పూత విచ్చుకున్న దగ్గర నుంచి కాయ ముదరడానికే ఏడాది. తీవ్రంగా సోకిన తోటల్లో మరుసటి ఏడాది దిగుబడి 45 శాతం దాకా పడిపోయినట్టు పరిశోధనల్లో తేలింది. కాబట్టి ఈ ఏడాది పురుగును కట్టడి చేసినా వచ్చే ఏడాది దింపులో తగ్గుదల తప్పకపోవచ్చు. దాన్ని చూసి "ఈ పురుగులు పనిచేయలేదు" అనుకోకండి. పైనుంచి వచ్చే కొత్త మట్టలు శుభ్రంగా ఉన్నాయా లేదా అన్నదే కొలత.

చెట్టు త్వరగా కోలుకోవాలంటే తిండి పెట్టాలి. ఎదిగిన చెట్టుకు ఏడాదికి 500 గ్రాముల నత్రజని, 320 గ్రాముల భాస్వరం, 1200 గ్రాముల పొటాష్ అందేలా, రెండు విడతలుగా, నేలలో తడి ఉన్నప్పుడు వేయండి. పశువుల ఎరువు, వేపపిండి వీలైనంత కలపండి. మీ ఇసుక నేలలో పొటాష్ తగ్గించకండి, ఎక్కువమంది డబ్బు ఆదా చేసేది అక్కడే. ఎండాకాలంలో నీరు అందించగలిగితే ఇంకా మంచిది. మొదట్లో కొబ్బరి పీచు, ఆకు కప్పితే తడి నిలుస్తుంది. అయితే కప్పడానికి ఈ తెగులున్న ఆకు వాడకూడదు.

ఆకు తిరగేసినప్పుడు గూళ్లు లేకుండా, ఒంటినిండా ముళ్లున్న, నత్తలా పాకే పురుగులు కనబడితే అది ఆకుతేలు. చేత్తో ముట్టకండి, బాగా మంట, దురద వస్తుంది. ఎక్కే మనిషిని ముందే హెచ్చరించండి. గోదావరి జిల్లాల్లో దీని ఉధృతి అప్పుడప్పుడు వస్తుంది. మొదట గీకి తిని, ఎదిగాక ఆకు మొత్తం తినేసి ఈనెలు మిగులుస్తుంది. దానికి రాత్రి దీపపు ఎరలు, సోకిన ఆకు కోసి నాశనం చేయడం, అవసరమైతే పైన చెప్పిన వేప మందు వేరు ద్వారా పెట్టడం.

ఇక జీడిమామిడి. నల్లముట్టె పురుగు సాధారణంగా జీడికి రాదు. మీ జీడి చిగుళ్లలో ఉన్నది వేరే పురుగు అయి ఉంటుంది. లేత ఆకు మీద బూడిదరంగు తెల్లటి బొబ్బల్లాంటి మచ్చలు వచ్చి, తర్వాత అక్కడ ఎండి చిల్లులు పడితే అది ఆకు తొలిచే పురుగు. చిగుళ్లు, పూత కలిపి దారాలతో గూడు కట్టి లోపల తింటుంటే గూడు పురుగు. ఈ రెండూ కొత్త చిగురు మీదే బతుకుతాయి, ముదురాకును పెద్దగా ముట్టవు. గట్టు మీద నాలుగు చెట్లే కాబట్టి గూళ్లను చేత్తో తుంచి కాల్చేస్తే సరిపోతుంది. చిగురు, పూత ఒక్కసారిగా నల్లబడి ఎండుతుంటే మాత్రం అది గొంగళి కాదు, టీ దోమ అయి ఉండవచ్చు. జీడికి బాగా నష్టం చేసే పురుగుల్లో అదొకటి. దానికి చిగురు, పూత, పిందె దశల్లో విడిగా చూడాలి. బాపట్ల జీడిమామిడి పరిశోధన స్థానం వాళ్ల సిఫారసు ప్రకారం వెళ్లండి. ఒకటే జాగ్రత్త. జీడికి ఏ మందు కొట్టినా కొబ్బరిలో మిత్ర పురుగులు వదిలిన మూడు నాలుగు వారాల్లో కొట్టకండి. గట్టు మీద కొట్టిన మందు గాలికి తోటలోకి వస్తుంది.

కోసిన ఆకు అడుగు భాగం ఫొటో దగ్గరగా, వెలుతురులో తీసి పెట్టండి. గూడు విప్పి పురుగు కనబడేలా ఒకటి, విప్పకుండా ఒకటి. మీ వారం లెక్క కాగితం కూడా పెడితే ఏ తేదీ ప్రాంతంలో వదలాలో చెబుతాను.